జానమ్మ మోకాలి మీది డబ్బా

“గొర్రెల్ని కాయడం గుర్తుందా, నైన్?”

చీఫ్ ఏదీ సూటిగా అడగడు. కేతేపల్లిలో పుట్టి ఏజెంట్ నైన్ అయిన ఐలేశం ఆరేళ్లుగా ఈ వరస చూస్తూనే ఉన్నాడు.

“గుర్తుంది సార్.”

1966 జనవరి. హైదరాబాద్ ఆఫీసులో కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

“ఒక ప్లాంటు నుంచి రెండు డబ్బాలు పోయాయి. రియాక్టర్లో కాలిన ఇంధనం నుంచి మళ్లీ తీసిన ప్లుటోనియం. ఒక విదేశీ ముఠా వాటిని బందరులో ఓడెక్కించాలని చూస్తోంది. మొదటి డబ్బా మోసిన దుర్గయ్య, అది తనంతట తానే వెచ్చగా ఉండడం చూసి హడలిపోయాడు. కేతేపల్లి దగ్గర జానమ్మ అనే ముసలామె గొర్రెల దొడ్లో, ఉన్ని మూటల కింద దూర్చి పారిపోయాడు. నిన్న దొరికాడు. రెండోది మిస్ పుష్ప దగ్గరుంది.”

“మన పుష్పేనా?”

“మన పుష్పే. వాళ్ల పుష్ప కూడా. ఈ మధ్యాహ్నం మొదటి డబ్బా కోసం అక్కడికి వస్తోంది. ఆ రెండూ ఒకచోట చేరకూడదు. చేరితే నీలం రంగు మెరుపొకటి. చప్పుడుండదు. పక్కనున్నవాళ్లు వారం పది రోజుల్లో పోతారు. నీళ్లు తగిలితే మరీ ప్రమాదం.”

“ఆమెకి తెలుసా?”

“మోసే మనిషికి ఎవరు చెబుతారు?”

గొంగడి, కర్ర, సొరకాయ బుర్ర. బుర్రలో నీళ్లకు బదులు రేడియేషన్ తగిలితే టిక్కుమనే గైగర్ కౌంటర్. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వేషాలన్నిట్లో ఇదే తేలిక. పదిహేనో ఏడు దాకా ఐలేశానికి ఇది వేషమే కాదు.

జానమ్మ గుడిసె ముందు కూర్చుని, వేడినీళ్ల గంగాళంలో పాదాలు పెట్టుకుని ఉంది. మోకాలికి పాత చీరపేలికతో ఏదో గుండ్రంగా కట్టుకుంది. ఐలేశం దగ్గరికి వెళ్లగానే బుర్ర టిక్కుటిక్కుమంది.

“ఎవల బిడ్డవు?”

“బీరన్న కొడుకును అవ్వా. గా మోకాలికి ఏం గట్టినవ్?”

“ఉన్ని మూటల కింద దొరికింది. పొయ్యి మీద వెట్టకున్నా వెచ్చగుంటది. ఏడేండ్ల నొప్పి బిడ్డా, నాలుగు దినాలల్ల తగ్గింది. రాత్రిపూట గొర్రెపిల్లల నడుమ వెడితే అన్నీ దాని సుట్టే పండుకుంటున్నయి.”

నాలుగు రోజులు. ఐలేశం అవ్వ కూడా చలికాలం ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి మోకాలికి కట్టుకునేది. ఆ ఇటుక చల్లారేది.

“జర విప్పవ్వా, సూస్త.”

“సూసుడేంది? విప్పితే మళ్ల నొప్పి లేస్తది. నీ బుర్రల టిక్కుటిక్కుమనేదేంది?”

అతను ముడి మీద చెయ్యి వేసేలోగా తెల్ల ఫియట్ కారు వచ్చి దొడ్డి తడిక పక్కన ఆగింది. మిస్ పుష్ప దిగింది. నల్ల కళ్లజోడు, పట్టుచీర, కుడి చేతిలో పిస్తోలు, ఎడమ చేతిలో మూత తీసిన తోలు బ్యాగు.

“లేచి పక్కకి తప్పుకో, నైన్. ముసలమ్మా, అది విప్పి ఈ బ్యాగులో వెయ్యి.”

“అక్కడే ఆగు పుష్పా. రెండూ దగ్గరైతే ముగ్గురం చస్తాం.”

“కొత్తది ఏదైనా చెప్పు” అని ఆమె రెండడుగులు ముందుకేసింది. బుర్ర చప్పుడు హెచ్చింది. ఆమె ఆగింది.

“నా మాట నమ్మకు. ఒక అడుగు వెనక్కేసి దాన్ని విను.”

పుష్ప వెనక్కేసింది. చప్పుడు తగ్గింది. ముందుకేసింది. మంగలంలో జొన్నలు పేలినట్టు చిటపటలాడింది. ఆమె తడిక దాకా వెనక్కి నడిచింది. పెదవుల రంగు పోయింది.

“సచ్చినోళ్లు. నాకొక్కడు జెప్పలే” అంది. ఇన్నేళ్లుగా అలవాటు చేసుకున్న పట్నం మాట ఒక్క క్షణంలో పోయి నల్లగొండ బయటపడింది.

అప్పటికే జానమ్మ బ్యాగులోది చూసేసింది.

“గిదీ గసొంటిదే గదా. రెండో మోకాలికి ఇయ్యి బిడ్డా.”

గంగాళంలోంచి పాదాలు తీసి, చేతులు చాచి తిన్నగా పుష్ప మీదికి నడిచింది. పుష్ప వెనక తడిక, పక్కన కారు. పిస్తోలు చూసి భయపడే రకం కాదు ముసలామె. “ఆగవ్వా” అని ఐలేశం అంటే వినిపించుకోలేదు. బుర్రలో టిక్కులు కలిసిపోయి ఒకటే హోరు. రెండు డబ్బాల మధ్య ఇంకో రెండు మూరలే ఉంది.

“అవ్వా, గొర్లు జొన్నచేన్ల వడ్డయి” అన్నాడు ఐలేశం.

జానమ్మ నిలబడ్డచోటే వెనక్కి తిరిగింది. అతని చేతిలో కర్ర లాక్కుని, కొంగు దోపుకుని, మోకాలి సంగతే మరిచి చేను వైపు పరుగెత్తింది. హోరు పలచబడి మళ్లీ టిక్కుటిక్కుకి దిగింది. పుష్ప పిస్తోలు కింద పెట్టి, బ్యాగు పక్కన కూలబడి ఏడ్చింది.

చేలో ఒక్క గొర్రె కూడా లేదు. జానమ్మ ఐలేశాన్ని తిట్టుకుంటూ తిరిగొచ్చేసరికి అతను పుష్పనూ రెండో డబ్బానూ, దూరంగా ఆపి ఉంచిన డిపార్ట్‌మెంట్ జీపు ఎక్కించి పంపేశాడు. మొదటిదాన్ని బతిమాలి విప్పించి, ఫియట్‌లో తనే తెచ్చాడు.

“బాంబుకి పనికిరాని రకమట” అన్నాడు చీఫ్ మర్నాడు. “మళ్లీ ఇంధనంగా కాల్చాలంటే తగిన రియాక్టర్ ఇంకా కట్టలేదు. ఎక్కడ పెట్టాలో ప్లాంటువాళ్లకే తోచడం లేదు.”

“జానమ్మని డాక్టరుకి చూపించాలి సార్.”

“ఏమని చూపిస్తావు? కాగితాల మీద ఏ డబ్బా పోలేదు.”

ఐలేశం సొంత డబ్బుతో ఒక రబ్బరు వేడినీళ్ల సంచి కొని పంపాడు. నెల తర్వాత ఆగలేక తనే వెళ్లాడు. జానమ్మ మోకాలి మీద ఎర్రటి మచ్చ కనిపించింది. దాన్ని చూడకుండా ఉండడం అతనివల్ల కాలేదు.

“నీ సంచి ఉత్తదే బిడ్డా. తెల్లారేసరికి సల్లవడుతాంది. గా డబ్బా ఎన్నడు సల్లారలే.”

“ఇరవై నాలుగు వేల ఏండ్లకు సగమే సల్లారుతదట అవ్వా.”

“మరి గసొంటిదాన్ని గుంజుకపోయి మీ సర్కారోళ్లు ఏం జేస్తున్నరు?”

“యాడ వెట్టాల్నో తెల్వక తిప్పలు వడుతున్నరు.”

జానమ్మ చీర సర్దుకుని కాలు చాపింది. “నా మోకాలున్నది గదా.”