వెనక చక్రాలు

తెల్లారేసరికి మళ్ళీ మోకాలిలోతు మంచు పడింది. టౌనో వాకిట్లో పెద్ద ఇనుప చేటతో మంచును తోసి పక్కకు గుట్ట పోస్తున్నాడు. వంటింట్లో లెంపి కాఫీ కాచి, యాలకుల రొట్టె ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టింది. కోడలు నెల్డా కిటికీ దగ్గర నిలబడి, తెల్లటి దిబ్బలా కనిపిస్తున్న తన చిన్న కారు వైపే చూస్తోంది.

"కాఫీ చల్లారిపోతోంది, తాగు. కారు ఎక్కడికీ పోదులే," అంది లెంపి.

"ఇవాళ నేనే నడుపుకుంటూ వెళ్తున్నాను కదత్తయ్యా. భయంగా ఉంది."

"నాకూ ఉంది. ముందు నువ్వు తాగు."

నెల్డా పుట్టి పెరిగింది టెక్సాస్‌లో, దక్షిణాన చిట్టచివర. అక్కడ చలికాలమంటే పలచటి స్వెట్టరు, చెట్ల నిండా పంపరపనసలు. కార్ల్‌ను పెళ్ళి చేసుకుని సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న ఈ ఊరికి వచ్చి ఏడాదైనా కాలేదు. కార్ల్ సరస్సుల మీద ఇనుప ఖనిజం మోసే ఓడలో పనిచేస్తాడు. నీళ్ళు గడ్డకట్టి ఓడలు ఆగిపోయేదాకా ఇంటికి రాడు. అందాకా ఆమె అత్తమామలతోనే ఉంటూ, కొండ దిగువ పట్నంలో వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తోంది. మొదటి మంచు పడిన రోజు నుంచీ టౌనోయే ట్రక్కులో దింపి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొస్తున్నాడు.

ఆయన ప్రేమగానే తీసుకొస్తున్నాడు. అయినా నెల్డాకు ఊపిరాడనట్టు ఉండేది. మందులషాపుకు వెళ్ళాలన్నా అడగాలి. ఆశ్రమంలో ఓ ముసలామె చెయ్యి పట్టుకుని "కాసేపు ఉండమ్మా" అంటే ఉండటానికి లేదు, బయట ట్రక్కు ఆగి ఉంటుంది. సొంత ఊళ్ళో పదహారో ఏట నుంచీ కారు నడిపిన మనిషి, ఇక్కడ ఎవరో ఎక్కించి దింపితే తప్ప కదలలేకపోతోంది. ఒకరోజు ఫోన్లో కార్ల్‌తో అనేసింది కూడా: "ఈ చలికాలం నేను కారు నడపలేకపోతే, ఈ ఊరు నాది కాదు కార్ల్. మనం వేరే ఎక్కడికైనా పోదాం."  పక్క గదిలో ఉన్న లెంపికి ఆ మాట వినబడింది. మర్నాడు ఆమె భర్తతో ఏం చెప్పిందో గానీ, టౌనో టోపీ పెట్టుకుంటూ, "రా అమ్మాయ్, టైర్లు చూద్దాం," అన్నాడు.

టౌనో ఉద్యోగమంతా కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ మీదే గడిచింది. ఊరంతా నిద్రలో ఉండగా ఈ చుట్టుపక్కల దారుల్ని తెరిచిన మనిషి. టైర్ల షాపులో వెర్న్ రకరకాల చలికాలపు టైర్లు దింపి చూపించాడు. టౌనో ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు, గాడుల్లో వేలు పెట్టి లోతు చూశాడు. చివరికి అన్నిటికంటే మంచి రకం ఏరాడు.

"ఇది ఎంత చలికైనా గట్టిపడదు. పట్టు వదలదు. రెండు తియ్యి వెర్న్."

"నాలుగూ మార్చెయ్ టౌనో," అన్నాడు వెర్న్.

"ఎందుకూ? ఇంజను తిప్పేది ముందు చక్రాల్ని కదా? పట్టు అక్కడుండాలి. వెనకవి ఊరికే దొర్లుకుంటూ వస్తాయి."

"ఇది నీ పాత లారీ కాదయ్యా బాబూ, చిన్న కారు."

"కారు చిన్నదైతే మంచు కూడా చిన్నగా పడుతుందా?"

నెల్డా నెమ్మదిగా, "నాలుగూ వేయిద్దామా మామయ్యా?" అంది.

"అమ్మాయ్, ఈ మంచును నీ వయసుకంటే ఎక్కువకాలం తోశాను నేను. నా మాట విను."

ఆమె విన్నది. ఆ టైర్లు ఆయన తన చేతులతోనే బిగించాడు. ఒక్కో నట్టునూ రెండేసిసార్లు చూసుకున్నాడు.

ఇప్పుడు వాకిట్లో కారు మీది మంచును కూడా ఆయనే దులిపి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. "బ్రేకు గట్టిగా తొక్కకు. ముందు బండికి దూరంగా ఉండు. తొందరపడకు. ఆశ్రమంలో ముసలాళ్ళు పొద్దుటి గంజి కాస్త ఆలస్యంగా తాగినా చచ్చిపోరు."

"నోట్లోంచి మంచిమాట రాదేమయ్యా నీకు!" గుమ్మంలోంచి కసిరింది లెంపి.

నెల్డా నవ్వుతూనే బయల్దేరింది. ఊరు దాటేదాకా కారు బుద్ధిగా నడిచింది. ముందు చక్రాలు మంచును కరిచిపట్టుకుని లాగుతుంటే ఆమె భుజాలు కొంచెం వదులయ్యాయి. పాత గని దగ్గర రోడ్డు పల్లానికి దిగుతూ ఎడమకు తిరుగుతుంది. అక్కడ కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి, బ్రేకు మీద మెత్తగా ఆనించింది. అంతే. ముందు భాగం నిలదొక్కుకుంది. వెనక ఎవరో పట్టి ఈడ్చినట్టు కారు తోక బయటికి జారింది. స్టీరింగు ఎటు తిప్పిందో ఆమెకు గుర్తులేదు. ముందు అద్దంలోంచి ఆకాశం, చెట్లు, మళ్ళీ తను వచ్చిన దారే కనిపించాయి. కారు వెనక్కి తిరిగి, తోకతో మంచుగోడలోకి దూరిపోయింది.

దెబ్బ తగల్లేదు. చుట్టూ నిశ్శబ్దం. వైపర్లు మాత్రం ఇటూ అటూ ఊగుతున్నాయి. ఉత్తరాలు పంచే ఆవిడ ఆ దారినే వస్తూ తన బండికి తాడు కట్టి కారును బయటికి లాగింది. "మన టౌనో కోడలివి కదూ? నువ్వు బావున్నావు, అది చాలు," అని భుజం తట్టింది. నెల్డా ఆశ్రమానికి ఫోన్ చేసి రాలేనని చెప్పి, నడక వేగంతో ఇంటికి వచ్చింది.

వంటింట్లోకి వచ్చి కారు తాళం బల్ల మీద పెట్టింది. చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పింది. లెంపి ఆమె మొహం, చేతులు, భుజాలు తడిమి చూసి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక అప్పుడు ఏడ్చింది. వెంటనే కొడుక్కి ఫోన్ కలిపింది. అదృష్టమో ఏమో, ఓడ రేవులో ఉంది.

"ఇంక నడపొద్దు నెల్డా," అన్నాడు కార్ల్. "నేనొచ్చేదాకా నాన్నే దింపుతాడు. ఎందుకీ పంతం?"

"పంతమా?" నెల్డా గొంతు పెరిగింది. "ఒక్క పల్లం దిగలేకపోయాను కార్ల్. ఇక్కడ పదహారేళ్ళ పిల్లలు దిగుతున్నారు. అది పంతం కాదు, చేతకానితనం. నాకీ ఊరు చేతకాదు. అందరికీ ముందే తెలుసు, నాకే ఇవాళ తెలిసింది."

"అలా ఎవరన్నారే?" అంది లెంపి.

"ఎవరూ అనలేదత్తయ్యా. అనకుండానే జాగ్రత్తగా చూసుకుంటున్నారుగా."

టౌనో గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆయన ఒక్కటే అడిగాడు. "ముందు జారిందా? తోక జారిందా?"

"తోక, మామయ్యా. నా తప్పే. భయపడి బ్రేకు తొక్కాను."

"గట్టిగా తొక్కావా?"

"లేదు. మెత్తగానే. కానీ తొక్కాను."

ఆయన వెనక్కి తిరిగాడు. బయటికి వెళ్ళి కారు వెనక వంగి కూరుకున్న మంచును చూశాడు. చక్రాలు చూశాడు. తర్వాత ట్రక్కు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

లెంపి ఆవిరి గదిలో కట్టెలు రాజేసింది. ఈ ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా, మనసు విరిగినా, ముందు ఆ గదే వేడెక్కుతుంది. రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసి, కోడలి పక్కన చెక్క బల్ల మీద కూర్చుంది. ఆవిరిలో ఒకరి మొహం ఒకరికి సరిగ్గా కనబడటం లేదు. మాట్లాడటానికి అదే నయం.

"నేనెప్పుడూ మంచులో కారు నడపలేదు, తెలుసా?" అంది లెంపి.

"మీరా? ఇక్కడే పుట్టారుగా!"

"పుడితే? పెళ్ళయిన కొత్తలో నేర్పమన్నాను. 'నేనున్నాగా' అన్నాడు. ఆ మాట ఎంత తీపిగా ఉండేదో! ఇన్ని చలికాలాలు ఆ మాట మీదే కూర్చున్నాను. మా చెల్లి చివరి రోజుల్లో ఆవలి ఊళ్ళో మంచాన పడి ఉంటే, ఈయన లారీ డ్యూటీ అయ్యేదాకా కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఈయన తప్పేం లేదు. అప్పుడు దారి తెరుస్తున్నది కూడా మా చెల్లి ఊరికే."

నెల్డా చెయ్యి చాపి ఆమె చేతిని వెతుక్కుంది.

"ఇందాక వాడు నడపొద్దంటే నేనూ ఊరుకున్నాను. భయంతో. ఆ మాట మర్చిపో. తాళం బల్ల మీదే ఉంది. నేను దాచలేదు."

వాళ్ళు బట్టలు మార్చుకుని వంటింట్లోకి వచ్చేసరికి టౌనో తిరిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తడి బూట్లతో ఆ నేల మీద అడుగు పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. 

"రా అమ్మాయ్," అన్నాడు. "నీ కారు నేను నడుపుతాను. పక్కన కూర్చో."

మంచు వల్ల సెలవివ్వడంతో బడి వెనక మైదానం ఖాళీగా, చదునుగా, తెల్లగా ఉంది. టౌనో మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నాయి. కారును కాస్త వేగంగా పోనిచ్చి, ఎడమకు తిప్పుతూ, నెల్డా పొద్దున తొక్కినంత మెత్తగా బ్రేకు తొక్కాడు. తోక జారింది. ఆయన వెంటనే స్టీరింగు అటువైపు తిప్పాడు, ఎలా తిప్పాలో అలాగే తిప్పాడు. అయినా కారు గిర్రున తిరిగి, వచ్చిన వైపుకే మొహం పెట్టి ఆగింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ తిరిగింది.

ఇంజను ఆపేశాడు. 

"ఆ మలుపు దగ్గర జాడలు చూసి వచ్చాను. ముందు చక్రాల గీత గీసినట్టుంది. వెనకవి విసనకర్రలా పక్కకు పరుచుకున్నాయి. ముందు ఆగింది, వెనక ఆగలేదు. ఆగంది ఊరుకుంటుందా? ముందుకొచ్చేస్తుంది. ముందు నేను ఎంత మంచి టైర్లు వేస్తే అంత గట్టిగా తిరుగుతుంది."  "నువ్వు బాగానే నడిపావు. నిన్ను తిప్పేసింది నేను."

"మామయ్యా..."

"ఎదురుగా కలప లారీ వచ్చి ఉంటే? నువ్వు అడిగావు కదమ్మా, నాలుగూ వేయిద్దామా అని. నా వయసు చూపించి నీ నోరు మూయించాను. పొద్దున్నుంచీ 'నా తప్పు, నా తప్పు' అంటున్నావు, ఒక్కసారైనా ఆ మాట ఎత్తావా? తిట్టు. తిడితే నాకు తేలిగ్గా ఉంటుంది."

నెల్డాకు నిజంగానే ఆ మాట గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చినా కోపం రాలేదు. పొద్దున్నుంచీ గుండె మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా లేచిపోయింది. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

"తిట్టను. ఇంకోసారి తిప్పండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీ చేతిలో కూడా తిరుగుతుంటే చూడటానికి ఎంత బావుందో!"

టౌనో ఆమె వైపు అయోమయంగా చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

అక్కడి నుంచే కార్ల్‌కు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీ పెళ్ళాం కారు నడుపుతుంది. నువ్వు మధ్యలో దూరకు. తప్పు నాది," అని అటువైపు జవాబు వినకుండానే పెట్టేశాడు. అక్కడి నుంచి నేరుగా వెర్న్ షాపుకు నడిపాడు, దారంతా నత్తలా. వెర్న్ ఏదో అనబోతే చెయ్యెత్తాడు. "అను. అనేసెయ్. అన్నాక ఇంకో రెండు తియ్యి. అవే రకం." వెర్న్ నవ్వాడంతే. లోపలికి వెళ్ళి టైర్లు దొర్లించుకొచ్చాడు.

మర్నాడు పొద్దున మంచు ఆగింది, చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. నెల్డా కారు దగ్గరికి వెళ్ళేసరికి లెంపి కోటు, టోపీ, చర్చికి వేసుకునే చేతితొడుగులు వేసుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఎక్కడికో తెలీదు. పట్నంలో తిరుగుతాను. ఎలా నడుపుతావో చూడాలి నాకు."

టౌనో కూడా వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "మరి నేను?"

"వెనక ఎక్కవయ్యా. తోక మీద బరువుంటే మంచిదేగా!"

ఆయన నోరు మెదపకుండా వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇంకొకరు నడిపే బండిలో, అదీ వెనక.

పాత గని దాటి పల్లం మొదలైంది. నెల్డా ముందుగానే వేగం తగ్గించి, ఎడమకు తిప్పింది. కాలు బ్రేకు మీద మెత్తగా ఆనింది. నాలుగు చక్రాలూ ఒక్కసారే మంచును పట్టుకున్నాయి. తోక కదల్లేదు. నిన్న తను దూరిన మంచుగోడలో గుంట కుడివైపు కనబడి, వెనక్కి వెళ్ళిపోయింది. 

మలుపు దాటాక ఆమె అద్దంలోకి చూసింది. టౌనో కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"భయమేసిందా మామయ్యా?"

"ఛ. కునుకు పట్టింది."

"అబద్ధం," అంది లెంపి. "నా సీటు ఊడబెరుకుతున్నాడు." ఆవిడ మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దిగువన పొగలు వదులుతున్న ఊరిని కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది. కాసేపాగి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఇదంతా నాక్కూడా వస్తుందంటావా, అమ్మాయ్?"

వెనక సీట్లోంచి టౌనో, "నేనున్నా..." అనబోయి ఆగాడు. కిటికీ వైపు తిరిగాడు. 

"వస్తుందత్తయ్యా," అంది నెల్డా. "ఆదివారం బడి మైదానం ఖాళీగానే ఉంటుంది."