ఎనిమిదింటి సంతకం

ప్రాణం పోయేవాళ్ళకి మా ఆసుపత్రిలో మేం నర్సులం చేసేది పెద్ద వైద్యమేం కాదు. నొప్పి తగ్గించడం, నోరు తడపడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఏ పక్కకి తిప్పామో మంచానికి వేలాడే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

ఏడో గదిలో కుట్టు టీచరమ్మ అంటే నాకు ప్రాణం. తలనొప్పి కూడా. వీపు వెనక దిండు అంగుళం జరిగినా ఒప్పుకోదు. “కుట్టు వంకర పోయిందే నర్సమ్మా, విప్పి మళ్ళీ వెయ్యి” అంటుంది. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు ఆవిడకి. నన్ను ఒకటే కోరింది.

“పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకో. ఒక్కదాన్నే పోవాలంటే భయమే.”

“అలాగే పెద్దమ్మా” అని చేతిలో చెయ్యేశాను.

ఆ రోజు నాకు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ. పన్నెండు మంచాలకి ఒక్కదాన్నే. ఆయా రాలేదు. “ఎలాగోలా సర్దుకో” అని పెద్ద సిస్టర్ ఫోన్ పెట్టేసింది. ఎలా సర్దుకోను, నా తలకాయ! రెండింటికి టీచరమ్మని ఎడమకి తిప్పాను. ఆ ఒళ్ళుమంటతోనే ఆవిడ కాగితంలో మిగతా గడులు కూడా నింపేశాను. నాలుగింటికి వెల్లకిలా, ఆరింటికి కుడి, ఎనిమిదింటికి ఎడమ. మూడు సంతకాలు. మాలో అందరూ చేసేదే. ముందు రాసేసి, తర్వాత వెళ్ళి తిప్పుతాం.

నేను వెళ్ళలేదు. మూడున్నరకి కొత్తాయన్ని తెచ్చారు, రక్తం కక్కుతున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. గడియారం చూసేసరికి ఆరుంపావు.

పరుగెత్తాను. గదంతా తడిసిన గుడ్డ వాసన. టీచరమ్మ కుడివైపుకి తిరిగి పడుకుని ఉంది. వీపు వెనక దిండు, గీత గీసినట్టు.

“ఎవరు తిప్పారు పెద్దమ్మా?”

“నువ్వే కదే...” గొంతు పైకి రావడం లేదు. “నాలుగింటికీ వచ్చావు. ఇందాకా వచ్చావు. దిండు ఇవాళే సరిగ్గా పెట్టావు. మాట్లాడవేం, కోపమా? చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయేం?”

నా చేతులు చూసుకున్నాను. వెచ్చగా, చెమటతో జిడ్డోడుతున్నాయి.

నడవాలో ఎవరూ లేరు. నేను తిప్పకుండానే, రాసింది రాసినట్టు జరిగిపోతోంది. కాగితం తీసి ఎనిమిదింటి సంతకాన్ని అడ్డంగా కొట్టేశాను. అప్పుడు విన్నాను, ఆవిడ ఊపిరి. ఆగి... ఆగి... వస్తోంది. ఆ ఊపిరి నాకు తెలుసు, పోయేముందు వచ్చేది. ఇక ఇక్కణ్ణించి కదలకూడదని ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా కొత్తాయన భార్య కేకలు. “సిస్టర్! మా ఆయన్ని చంపేస్తారా ఏంటి!” ఛీ, దిక్కుమాలిన ఉద్యోగం! ఏడుపొచ్చేసింది.

“ఐదు నిమిషాలు పెద్దమ్మా. ఐదే.”

“వెళ్ళిరా...” అంది. “ఎనిమిదింటికి ఎలాగూ వస్తావుగా.”

వచ్చేసరికి ఎనిమిది దాటి రెండు నిమిషాలు.

ఎడమకి తిరిగి ఉంది. దిండు సరిగ్గా ఉంది. ఊపిరి లేదు. కుడిచెయ్యి దుప్పటి మీదకి చాపి ఉంది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టే మడిచి ఉన్నాయి. ముఖంలో భయం లేదు.

కాగితం చూశాను. నేను కొట్టేసిన సంతకం కింద ఇంకోటి. అదీ నాదే. ఇంకు ఇంకా ఆరలేదు.

మంచం పట్టుకుని భోరుమన్నాను. మాట ఇచ్చింది నేను. నిలబెట్టుకుంది ఎవరు?

ఇంటికొచ్చి గడియ వేశాను. నేనుండేది ఒక్కదాన్నే. బట్టలు కూడా మార్చుకోకుండా వెల్లకిలా పడిపోయాను.

మెలకువ వచ్చేసరికి రాత్రి సరిగ్గా పది. ఎడమకి తిరిగి ఉన్నాను. కుడిచెయ్యి చల్లబడిపోయింది. వీపు వెనక మెత్తగా... దిండు.

కదలకుండా అలాగే పడుకున్నాను. ఇంట్లో నాకున్నది ఒకటే దిండు. అది నా తలకింద ఉంది.