రాణిగారి ముందు ఒప్పుకోలు

హరార్ ఊరి కోటగోడ కింద, దుమ్ములగొండులు రాత్రిళ్లు ఊళ్లోకి దూరే తూము పక్కన ఒక సందు ఉండేది. రాత్రి నమాజు అయ్యాక అటు ఎవరూ వెళ్లేవారు కాదు. చీకట్లో వెండి గలగలమంటుందనీ, వెనకాలే ఆడమనిషి ఆయాసం వినిపిస్తుందనీ చెప్పుకునేవారు. దర్జీ అయితే పరుగులో ఒక చెప్పు అక్కడే వదిలేసి వచ్చాడు. తెల్లారాక కూడా దానికోసం వెళ్లలేదు.

ఆ ఆడమనిషి ఎవరో కూడా ఊరే తేల్చేసింది — వెండి నాణెపు బిళ్ల మీది రాణి.

ఎక్కడో ఆస్ట్రియా దేశపు రాణి, మరియా తెరీజా. పోయి నూరేళ్లు దాటింది. అయినా ఆవిడ బొమ్మతోనే, ఆవిడ చనిపోయిన సంవత్సరమే అంకెల్లో వేసి, కొత్త బిళ్లలు ఒంటెల మీద దిగుతూనే ఉండేవి. కాఫీ కొన్నా తుపాకీ కొన్నా అవే చెల్లేవి. బొమ్మలో రవంత తేడా ఉన్నా ఎవరూ తీసుకోరు. భుజం మీది పతకంలో తొమ్మిది ముత్యాలూ వేలికి తగలాల్సిందే. చచ్చిన మనిషి అలా కొత్తగా వస్తూనే ఉంటే జనానికి ఏం తోస్తుంది మరి...

కంసాలి నస్రుల్లాకి మాత్రం నవ్వొచ్చేది. ఆ బిళ్లల్ని మూసలో కరిగించి కడియాలు చేయడమే అతని బతుకు. రోజూ ఆవిడ ముఖం కరిగించేది తానేననీ, వస్తే ముందు తన దగ్గరికే రావాలనీ కాఫీ తాగే చోటల్లా అనేవాడు. తర్వాత్తర్వాత ఈ కథ చెప్పేటప్పుడు, ఆ మాట దగ్గర ఆగి తన చెంప తనే వాయించుకునేవాడు.

ఓసారి పెళ్లివారు హారం చేయమన్నారు. బిళ్లలు కరిగించకుండా వరసగా గుచ్చాలి. రేపు మాపని మూడు వారాలు తిప్పాడు. తీరా తెల్లారితే పెళ్లి. రాత్రికి రాత్రే ఇచ్చి రావాల్సొచ్చింది. దారిలో పోయిందంటే ఇల్లు అమ్మినా తీరదు. మసీదు చుట్టూ తిరిగి వెళ్లమంది భార్య రౌదా. అన్ని కోతలు కోసినవాడు చుట్టుదారిన పోతే పరువేం కాను? సందులోకే దిగాడు.

పది అడుగులు... గలగల.

తన హారమే అనుకున్నాడు. రెండు చేతులతో గుండెకి అదుముకుని ఆగాడు.

గలగల ఆగలేదు.

వెనకాల ఎవరో ఆయాసపడుతున్నారు... ఎదురుగా తూము దగ్గర, నేలకి మూరెడు ఎత్తులో, రెండు పచ్చటి కళ్లు. దుమ్ములగొండులు జిన్నుల్ని తింటాయని ఊరి నమ్మకం. ఇదేమో అతన్ని చూడటం లేదు — అతని వెనక్కి చూస్తోంది.

మోకరిల్లి గోడకి ముఖం ఆనించాడు.

"తల్లీ... ఈ హారంలో నీ ముఖం ఒక్కటీ పాడు చేయలేదు. చూసుకో."

ఆయాసం ఇంకాస్త దగ్గరకొచ్చింది.

"మిగతావి కరిగించాను, నిజమే... కరిగించినదంతా నగల్లోకి పోలేదు. కొంత తీసి రాగి కలిపాను. అందరికీ కాదు తల్లీ, చూపు ఆననివాళ్లకే. జైతూన్ పెద్దమ్మ కడియాల్లో అయితే... మూడో వంతు."

గలగల ఆగింది.

తర్వాత భుజం మీద ఒక చెయ్యి పడింది.

"మూడో వంతా, నస్రూ?"

పక్కింటి జైతూన్ పెద్దమ్మ. రెండు చేతుల నిండా కడియాలు, చంకలో ఎముకల బుట్ట. మొగుడు బతికుండగా దుమ్ములగొండులకి పెట్టేవాడట. కోడలు చూస్తే సణుగుతుందని ఈవిడ చీకటి పడ్డాక వస్తోంది. ఇన్నాళ్లూ జనం పరిగెత్తుతుంటే, దుమ్ములగొండిని చూసి జడుసుకుంటున్నారనే అనుకుందట.

ఆవిడ తిట్టలేదు. బుట్ట తూము ముందు బోర్లించింది. ఎముకలు పటపటమని విరుగుతున్నాయి.

"లే. పెళ్లివారింటి దాకా నేనూ వస్తాను," అంది మెల్లగా. "దారిలో మిగతావాళ్ల పేర్లు చెబుదువుగాని."

హారం క్షేమంగా చేరింది. అప్పటికి పదకొండు పేర్లు అయ్యాయి. ఇంకా ఉన్నాయని ఆవిడ పెళ్లివారి గుమ్మంలోనే కూర్చుంది. రాగి కలిపిన నగలన్నీ మళ్లీ చేసివ్వడానికి, ఆ ఏడంతా నస్రుల్లా కుంపటి కూలి లేకుండానే మండింది.