నవ్వు కనపడని మెసేజ్

“ఏమ్మా, నా కొడుకు చచ్చానంటే నువ్వు బైక్ తాళాలు అడుగుతావా?”

ఆసుపత్రి వరండాలో అందరూ తిరిగి చూశారు. ఆవిడ చేతిలో కొడుకు ఫోన్. ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి, తల వంచుకుని.

తప్పంతా ఆ పిల్లదే అంటే నేనొప్పుకోను. ఆ లిఫ్ట్ మెకానిక్ మహానుభావుడు మాత్రం తక్కువ తిన్నాడా? మొండి లిఫ్ట్ తగిలినప్పుడల్లా దాని గోతిలోంచి “చచ్చాను, రా” అని మెసేజ్ కొట్టడం వాడికి సరదా. “సంతోషం. పోయేముందు బైక్ తాళాలెక్కడో చెప్పి పో” అని ఈ పిల్ల జవాబు. సాయంత్రం కలిసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు. నువ్వంటే ఇష్టమని ఒక్కనాడైనా తిన్నగా చెప్పుకున్న పాపాన పోలేదు.

నిన్న లిఫ్ట్ నిజంగానే జారి వాడి కాలి మీద పడింది. వాడు అదే మెసేజ్ కొట్టాడు. ఆమె అదే జవాబు కొట్టి, ఎవరికో అద్దాలు బిగిస్తూ కూర్చుంది. ఆ బిల్డింగ్ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చెప్పేదాకా తెలియలేదు. డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

“అది వెటకారం ఆంటీ...”

“ఇందులో ఎక్కడుందమ్మా వెటకారం? నాకు కనపడదే!”

ఆ పిల్ల తన ఫోన్ చాపింది. “పొద్దున మీవాడు ఇది పంపాడు. నిజంగా అన్నాడో, ఏడిపిస్తున్నాడో మీరే చెప్పండి.”

‘ఇక రాకు. ఒంటికాలివాడితో నీకేం పని?’

తల్లి మళ్ళీ మళ్ళీ చదివింది. కన్న కొడుకు మాట, అయినా అంతు పట్టలేదు.

“ఏమో తల్లీ, తెలియట్లేదు” అని తలుపుకి అడ్డు తప్పుకుంది.

లోపల వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె మంచం చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడింది. వాడి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“నిజంగానే రావద్దన్నావా?”

“ఊఁ.”

“నువ్వంటే నాకు ప్రాణం. నేను వెళ్ళను.”

“జోకా?”

“ఫోన్‌లో చెప్పట్లేదు కదా. నా మొహం చూడు.”

వాడు చూశాడు. చూస్తూనే చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వాడి తల పొట్టకి అదుముకుంది. ఇద్దరికీ ఒక్క జోకూ గుర్తు రాలేదు.

తల్లి కుర్చీ లాక్కొచ్చి ఆమె వెనక వేసింది.

“ఎంతసేపని నిలబడతావే, కూర్చో.”