గాలి తన్నని సొరుగు

"మన ఏజెంట్ షాహుల్ పోయాడు. అబుదాబి ఐకాడ్‌లో, నువ్వున్న గోడౌన్ వెనకాలే కాల్చేశారు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ ప్రమోద్ గొంతు. ఏజెంట్ అమీర్ జాన్ తలగుడ్డ బిగించాడు. ఈ పూటకు అతను ప్యాకింగ్ హమాలీ.

"రువైస్‌లో ఒక ఆయిల్ ప్లాంటు సేఫ్టీ కోడ్స్ ముఠావాళ్లు చిప్పులో ఎక్కించి జపాన్ పెట్టెలో దాచారు. అది దేశం దాటిందా, ప్లాంటు పేల్చేస్తారు. అక్కడ పనిచేసేది వేలమంది మనోళ్లు."

గోడౌన్‌లో మోకాలెత్తు చెక్క పెట్టెలు మూడున్నాయి. ఇనుప మూలలు, చిన్న చిన్న సొరుగులు. జపాన్ ఇళ్లల్లో నగానట్రా, సూదీదారం దాచుకునేవి. పక్కనే సెంటు గుబాళిస్తూ సనోబర్. నెల్లూరు పిల్ల, ముఠాలో ఉంటూ బ్యూరోకు కబుర్లందించే డబుల్ ఏజెంట్. వచ్చే నెల అమీర్ జాన్‌తో నిఖా.

"మొదటి రెండిట్లో ఏదో ఒకటి, జాన్. మూడోది మనది. హైదరాబాద్ ఇంట్లో నా గాజులు పెట్టుకునేదానికి."

దానికి బ్యూరో సీలు కట్టింది అమీర్ జానే. సీలుంటే ఎయిర్‌పోర్టులో ఎవరూ తెరవరు.

పెన్ స్కానర్ ఇనుప పట్టీల ముందు గుడ్డిదైపోయింది.

"స్కానర్ వదిలెయ్," అన్నాడు చీఫ్. "మంచి పనివాడి పెట్టెకు గాలి సందుండదు. తెరిచిన సొరుగు లోపలికి తోస్తే, గాలికి ఇంకోటి బయటికి తన్నుకొస్తుంది. రాలేదంటే వెనక చెక్క కోసినట్టే."

మొదటిది తోశాడు. కింది సొరుగు బుస్సున బయటికొచ్చింది. రెండోదీ అంతే.

సనోబర్ నవ్వు ఆగిపోయింది. "అదెందుకబ్బా? యల్లా, లారీ కదలాల!"

సీలు తెంచి మూడోది తోశాడు. కింది సొరుగు కదల్లేదు. మళ్లీ తోశాడు, అలిగిన పిల్లను పిలిచినట్టు మెల్లగా. ఒక్కసారి రావే తల్లీ అని లోలోపల బతిమాలాడు. రాలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెక్క పట్టింది.

వెనక పలక ఊడదీస్తే, గోరంత చిప్పు.

తలెత్తేసరికి ఆమె చేతిలో పిస్టల్.

"షాహుల్‌ను సంపింది నువ్వేనా?"

"నన్ను చూసేసినాడు."

"మరి మన నిఖా?"

"నీ పెట్టెనెవరు తెరుస్తారు, జాన్?" ఆమె కళ్లు తడిశాయి. "గాజులు మాత్రం నిజంగానే కొన్నా."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసిన క్షణంలో అతను సొరుగు లాగి విసిరాడు. గుండు పైరేకుల్లోకి పోయింది. ఆమె చేతి పచ్చ గాజులు సిమెంటు నేల మీద చిట్లి చెదిరాయి. ఆ ముంజేతిని అతనెన్నోసార్లు పట్టుకున్నాడు. ఈసారి వదిలితే చాలనిపించింది, వదల్లేదు.

"శభాష్!" చీఫ్ అరిచాడు. "ఆ మూడో పెట్టె ఎవడి పేరు మీదుంది? వాణ్ని కూడా లోపలెయ్."

"నా పేరు మీదనే సార్," అన్నాడు అమీర్ జాన్. "ఏ స్టేషన్‌కు రమ్మంటారు?"