చీరపెట్టెలో నల్లగుడ్డ

పొద్దున్నే సంజీవప్ప చంకలో సంచి ఇరికించుకుని హిందూపురం బస్సుకు బయల్దేరాడు. వానల్లేక వేరుశెనగ మళ్ళీ ఎండిపోయి, పావగడలో పెళ్ళి మేళం వినబడడమే అరుదైపోయిన ఏడాది అది. అలాంటప్పుడు ఫోటోలు తీసేవాడికి మాటిమాటికీ ఊరు దాటే పనేమిటో అతని భార్య నాగక్కకు అంతుపట్టలేదు. అడిగితే, ల్యాబులో రీలు ఇచ్చొస్తానన్నాడు. ఆ మాట ఆమె మొహం చూడకుండా అన్నాడు.

ఒకప్పుడు ముందు స్టూడియో, వెనక ఇల్లు, రెండూ ఇద్దరివీ. అతను ఫోటో తీసి చీకటిగదిలో కడిగి ఇస్తే, ఆ నలుపు తెలుపు ఫోటోకు సన్నకుంచెతో రంగులు అద్దేది నాగక్క. పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేయించుకోవడానికి జనం ఆమె చేతికోసమే వచ్చేవాళ్ళు. బతికినన్నాళ్ళూ ముక్కుపుడక ఎరగని ఇల్లాలికి కూడా ఆమె కుంచె ఎర్రరాయి ముక్కుపుడక పెట్టి పంపేది.

ఇంతలో పెద్ద ఫిల్ము కంపెనీ బుద్ధి మారింది. అన్నాళ్ళూ స్టూడియోలకు కాగితమూ మందులూ అమ్మిన కంపెనీ, ఇకమీదట రీళ్ళన్నీ తన రంగుల ల్యాబుకే రావాలంది. ఏజెంటు లక్ష్మీనరసింహ నవ్వుకుంటూ వచ్చి ఉచితంగా బోర్డు బిగించిపోయాడు. కంపెనీ పేరు బారెడు, దాని కింద సంజీవప్ప పేరు చీమంత. ఊరికే ఇచ్చేవాడు ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వస్తాడని నాగక్కకు గట్టి నమ్మకం. పట్టుకుపోయింది తన మొగుణ్ణేనేమోనని ఈమధ్య కొత్త అనుమానం పట్టుకుంది.

ఎందుకంటే ఆ తర్వాతే చీకటిగదికి తాళం పడింది. రంగు వేసే కాగితం ఏదని అడిగితే వచ్చే లోడులో వస్తుందనేవాడు. గదికి తాళమెందుకంటే ఎలుకలు చేరాయనేవాడు. తాళం వేస్తే ఆగే ఎలుకల గురించి ఆమె ఎన్నడూ వినలేదు.

మొన్న మంగళవాడ నుంచి కెంచమ్మ వచ్చింది. పెళ్ళి కాకుండానే జ్వరంతో పోయిన కూతురి పాత ఫోటో చూపించి, పెద్దది చేసి పెళ్ళికూతురిలా రంగులు వేసివ్వమని నాగక్క చేతులు పట్టుకుంది. ల్యాబువాళ్ళ నున్నటి కాగితం మీద కుంచెరంగు నిలవదు. ఆ సంగతి తెలిసి కూడా సంజీవప్ప, చేసిస్తాంలేమ్మా అని ఒప్పేసుకున్నాడు. లేని కాగితం ఎక్కడినుంచి తెస్తాడు? నాగక్కకు నిద్రపట్టలేదు.

ఆ పొద్దున ఉతుకుదామని చొక్కా తీస్తే జేబులో చీకటిగది తాళంచెవి దొరికింది. మెట్టుమీద చేట పట్టుకుని శెనక్కాయలు వొలుస్తున్న అత్త భాగీరథమ్మ తల ఎత్తకుండానే అంది, "తీసి చూడమ్మీ. నీ కడుపులో మంట ఆరితే మా అందరికీ ఇంత సంగటన్నా సక్కగా దొరుకుతాది."

గదిలో ఎలుకలు లేవు. అటకమీద ఒక పెట్టె ఉంది, హిందూపురం పట్టుచీరల అంగడిది. తనకైతే నూలుచీరే కొని ఏళ్ళయింది. ఆ పెట్టెను వాకిట్లోకి తెచ్చి, ఎర్రటి ఎండలో దారం తెంపింది. లోపల నల్లగుడ్డ. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి సంగతి, నల్లగుడ్డలో ఉన్నదాన్ని వెలుతురులో విప్పకూడదని. కోపం అదంతా మరిపించింది. చీర రంగు చూడాలన్న ఆత్రంతో గుడ్డ లాగేసింది.

తెల్లకాగితాలు జారి నేలంతా పరుచుకున్నాయి. గాలికి ఎగరబోతున్న కాగితాన్ని అరచేత్తో అదిమిపట్టాకగానీ అవేమిటో ఆమెకు తెలియలేదు. ఫోటో కాగితాలు. ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటీ కమిలి ఊదారంగుకు తిరిగాయి. చెయ్యి తీసే ధైర్యం కూడా లేక అలాగే కూలబడిపోయింది.

సంజీవప్ప మధ్యాహ్నం బస్సు దిగి వచ్చేసరికి వాకిలి అలా ఉంది. అతను అరవలేదు. మెడలో తువ్వాలు తీసి, పెట్టెలో అడుగున విప్పని నల్లపొట్లంలో మిగిలిన నాలుగు కాగితాల మీద కప్పి, చీకటిగదిలో పెట్టి వచ్చాడు.

"ఎవరికోసం దాచిపెట్టినావు?" అంది నాగక్క. గొంతులో ఇంకా అనుమానమే ఉంది.

"నీకే. కాగితం ఇంక రాదు నాగీ. ఆ కంపెనీ చేసేదే నిలిపేసినాది. యాడ స్టూడియో మూసేస్తాండారని తెలిస్తే ఆడికి పోయి, మిగిలినవి అడుక్కొని తెస్తాండా. చీరలంగడాయప్పను అడిగితే ఖాళీ పెట్టె ఇచ్చినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను వంగి కమిలిన కాగితాలు ఏరసాగాడు. "నీ చేతిపని ఇంక ఎవరికీ అక్కర్లేదని వాళ్ళు తేల్చేసినారు. ఆ మాట నా నోటితో నీకు ఎట్ల చెప్పేది?"

నాగక్క దుఃఖం ఆపుకోలేకపోయింది. చేజేతులా తన పనిని తానే ఎండలో పారబోసుకుందని వెక్కివెక్కి ఏడ్చింది. భాగీరథమ్మ చేట పక్కన పెట్టి వచ్చి కోడలి వీపు నిమిరింది.

సంజీవప్ప ఆమె చేతిని మెల్లగా పైకెత్తాడు. ఊదారంగు కాగితం నడుమ అరచెయ్యి తెల్లగా మిగిలి ఉంది. అయిదువేళ్ళూ, మణికట్టు దగ్గర గాజుల గీతలూ. ఆ కాగితాన్ని పరుగున తీసుకుపోయి, బొమ్మను నిలిపే మందునీళ్ళలో ముంచాడు. ఊదా కాస్తా మట్టిరంగుకు తిరిగి నిలిచిపోయింది.

మిగిలిన ఆ నాలుగింటిలో మంచి కాగితం మీద కెంచమ్మ కూతుర్ని పెద్దది చేశారు. నాగక్క కుంచెతో బాసికం కట్టింది, బుగ్గన చుక్క పెట్టింది, ఎర్రరాయి ముక్కుపుడక పెట్టింది. తీసుకుపోవడానికి వచ్చిన కెంచమ్మ మాట్లాడలేక ఫోటోను కొంగులో చుట్టి గుండెకు పెట్టుకుంది.

ఆమె పోయాక సంజీవప్ప గోడెక్కి కంపెనీ బోర్డు కింద, తన పేరు పక్కన మేకు కొట్టి, అద్దం కట్టించిన ఆ అరచేతిని తగిలించాడు. నాగక్క కిందనుంచి చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఈసారి అంగడికి పోతే, పెట్టెలో చీర గూడా పెట్టించుకోని రాప్పా," అంది.