జన్నల్ బంగళాలో ఏడుపు

కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే రోడ్డులో, ఊరు దాటినాక ఒంటిగా ఒక బంగళా ఉండాది. జన్నల్ బంగళా అంటారు. మన మాటలో కిటికీల ఇల్లు. ఎవరు కట్టించినారో ఏమో, గోడల కంటే కిటికీలే ఎక్కువ. పొద్దు కూకితే ఆడోళ్ళు ఎవరూ అక్కడ బస్సు దిగరు.

ఎందుకంటే... ఎప్పుడో ఆ ఇంట్లో ఒక పిల్ల, కాన్పు కష్టమై, వెనక కిటికీ ఊచలు పట్టుకొని అట్లే ప్రాణం విడిచిందంట. కడుపులో బిడ్డ కడుపులోనే. చీకటి పడితే ఆ పక్క నుంచి పసిబిడ్డ ఏడుపు వస్తుందని మునుసామి చెప్పేవాడు. ఆ బంగళాకు కావలి వాడే. తాగి వాగుతాడులే అని నేను పట్టించుకోలా. నేను దెయ్యాలకు బెదిరే మనిషిని కాదు నాయనా. బతికుండే మనుషుల్నే శానామందిని చూసినాను.

మా అక్క బొమ్మక్క కొడుకు వీరసామికి ఆ బంగళాలోనే పని దొరికింది. ఎవరో దాన్ని కొని ఆఫీసు చేస్తా ఉండిరి. లోపల గోడలకంతా జిప్సం బోర్డు. బోర్డుకూ ఇటుక గోడకూ నడుమ జానెడు సందు. కిటికీ దగ్గర బోర్డు మలుపు తిరిగే చోట అంచు విరగకుండా సన్నటి రేకు బద్దె కొడతారు. దాని మీద పుట్టీ లాగి, ఆరినాక ఉప్పుకాగితంతో రుద్దితే లోపల బద్దె ఉండేదే తెలియదు. ఆ పనిలో వాడి చేయి మంచిది.

వాడి పెండ్లాం యువరాణి నిండు చూలాలు. ముందు రెండు కాన్పులూ దక్కలా. రెండుసార్లూ బిడ్డ వచ్చింది... ఏడవలా. రెండుసార్లూ వాడు ఆస్పత్రి తలుపు పక్కన ఆ ఏడుపు కోసం చెవులు పెట్టుకొని నిలబడి, వట్టి చేతులతో ఇంటికి వచ్చినోడే. ఈసారీ అట్లే అయితే ఆ పిల్ల బతకదు, వీడూ బతకడు. మా ఇంట్లో అందరికీ తెలుసు, నోరు తెరిచి ఎవరూ అనరు.

మాలో ఒక కట్టడి ఉండాది. చూలాలి మొగుడు పొక్క మూయకూడదు. ఎలుక పొక్కైనా సరే, మూస్తే కాన్పుకు అడ్డమంట.

"ఒరే, కాన్పు అయ్యేదాకా ఆ పని మానుకోరా," అంటి.

"నా పనే పొక్కలు మూసేది గదా పిన్నమ్మా," అని నవ్వినాడు.

ఆ దినం తెల్లారకముందే నొప్పులు మొదలైనాయి. ఆస్పత్రిలో చేర్చినాము. వీడు వరండాలో కూర్చోలేడు, నిలబడలేడు. తలుపు కదిలితే ఉరుకుతాడు. చూడలేక నేనే తరిమితి, పోయి పని చూసుకోరా అని. పెయింటు వేసేవాళ్ళు మరుసటి దినం వస్తారంట, ఆ లోపల అంచులన్నీ ముగించాల.

మధ్యాహ్నం పోయింది, సాయంత్రం పోయింది. దీపాలు పెట్టే వేళ అయింది... బిడ్డ దిగలా. డాక్టరమ్మ లోపలికి పోయింది, బయటికి రాలా. యువరాణి అరుపు కూడా సన్నబడిపోయింది. అరిచినప్పటి కంటే అదే ఎక్కువ భయం.

కాన్పు చిక్కుపడితే ఇంట్లో మూసిందంతా తెరవాల. మా అక్కకు ఫోను చేస్తి. ఆమె రేకు పెట్టెలు తెరిచింది, ఉప్పు జాడీ మూత తీసింది, ఆవు పలుపు విప్పింది. నేను వరండాలోనే కొప్పు విప్పేస్తి. చూసేవాళ్ళు పిచ్చిది అనుకోనీ.

అప్పటికీ లేదు. వీరసామికి చేస్తి.

"నువ్వు ఏమన్నా మూసినావారా?"

వాడు మెల్లగా —

"పొద్దున్నుంచి మూసేది తప్ప ఇంకేం చేసినా పిన్నమ్మా... నిన్న వెనక జన్నల్ కింద ఒక సందు ఉండె. బద్దె కొట్టి మూసేస్తి. లోపల ఏదో కదిలినట్లే ఉండె. ఎలుకనుకొంటి."

"తెరువు."

"ఇక్కడ కరెంటు పోయింది పిన్నమ్మా. మునుసామి కూడా లేడు. పిన్నమ్మా... నీకు వినబడతా ఉండాదా?"

వినబడింది. ఫోనులో, సన్నంగా... ఏడుపు.

అయినా గట్టిగానే అంటి, "ఏదైతే ఏమిరా, తెరువు. ఇక్కడ నీ పెండ్లాం చస్తా ఉండాది."

ఫోను లైటు వేసి కింద పెట్టినట్లుంది. సుత్తి చప్పుడు. రేకు చీలిన చప్పుడు. బోర్డు పెళపెళమని విరిగింది. ఆమీద వాడు ఊపిరి పీల్చేది మాత్రం తెలుస్తా ఉండె.

ఉన్నట్లుండి నవ్వినాడు. నవ్వో ఏడుపో... రెండూనో.

"పిల్లి కూనలు పిన్నమ్మా. కండ్లు కూడా తెరవలా. తల్లి బయటే కాచుకొని ఉండాది... ఇదో, కరుచుకొని పోతా ఉండాది."

నాకు కోపం, నవ్వు, కన్నీళ్ళు — అన్నీ ఒకటే తూరి వచ్చినాయి. పాపాత్ముడా, తల్లిని బయట పెట్టి పిల్లల్ని మూసేసినావా అని తిడతా ఉండగానే లోపల నుంచి నర్సు వచ్చింది. మొగబిడ్డ అనింది. అని, నా ముఖం చూడకుండా మళ్ళీ లోపలికి ఉరికింది.

తలుపు వెనక చప్పుడే లేదు.

"పుట్టింది రా," అంటి. "కానీ... ఏడవలా."

ఫోనులో ఏడుపు మాత్రం ఆగలా.

"ఆ కూనల్ని దూరంగా పెట్టరా నాయనా, ఆ ఏడుపు నేను వినలేను."

"కూనలు పోయినాయి పిన్నమ్మా." వాడి గొంతు గుసగుసగా వచ్చింది. "ఇది పక్క జన్నల్ నుంచి వస్తా ఉండాది. ఇప్పుడే, సాయంత్రమే ముగిస్తి. పుట్టీ కూడా ఆరలా."

"దాన్నీ తెరువు."

సుత్తి తీసుకోలేదంట, ఆ తరువాత చెప్పినాడు. పచ్చి పుట్టీలో వేళ్ళు గుచ్చి, గోళ్ళతోనే రేకు పీకినాడంట. ఆ వేళ్ళు చీలిన గుర్తులు ఇంకా ఉండాయి, కావాలంటే చూడు. నాకు వినిపించింది వాడి మూలుగు, దాని మీద ఆ ఏడుపు. దగ్గరగా... ఇంకా దగ్గరగా... ఫోను నా చెవిలో ఏడుస్తా ఉన్నట్లే.

రేకు ఊడింది.

"ఏమీ లేదు పిన్నమ్మా," అన్నాడు. "ఒట్టి సందు."

ఫోనులో ఏడుపు ఆగిపోయింది.

ఆగిన ఆ క్షణమే, నా వెనక, ఆస్పత్రి తలుపు అవతల మొదలైంది.

వరండాలో ఉండేవాళ్ళందరూ బిడ్డ ఏడ్చినాడని చేతులెత్తి మొక్కినారు. నేను మొక్కలా. ఫోను పట్టుకొని అట్లే నిలబడిపోతి. పసిబిడ్డల ఏడుపులన్నీ ఒకటే మాదిరి ఉంటాయంటావా? ఉండవు నాయనా. ఇద్దరు బిడ్డల్ని ఏడుపు వినకుండానే పోగొట్టుకొన్న ఇల్లు మాది, ఆ ఏడుపు కోసం కాచుకొన్న చెవులు పొరబడవు.

ఫోనులో విన్న అదే గొంతు.